జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్ కలుగు దగ్గరికి: ప్యూజెట్ సౌండ్ డైవ్ అనుభవం

ఆక్టోపస్ జాతుల్లో అన్నిటికన్నా పెద్దది జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్. పూర్తిగా పెరిగినవి మామూలుగా 15 నుంచి 50 కిలోల దాకా తూగుతాయి, చేతులు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి 4 మీటర్లు దాటుతుంది. ఇంత పెద్ద ప్రాణిని చూడటానికి పడవ కూడా అక్కర్లేదు. అమెరికాలోని వెస్ట్ సియాటిల్‌లో ఒడ్డున కారు ఆపి, నడుచుకుంటూ నీళ్లలోకి దిగితే చాలు. అండమాన్‌లోనో హవాయిలోనో ఓపెన్ వాటర్ (స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు) సర్టిఫికెట్ తీసుకుని, రెడ్‌మండ్, బెల్‌వ్యూ వైపు ఉంటున్న మనవాళ్లు తరచూ రెండు ప్రశ్నలు అడుగుతారు: ఇక్కడ మేం దిగొచ్చా? అది పట్టుకుంటే ఏం చేయాలి? మొదటిదానికి జవాబు, దిగొచ్చు, సరైన సామాను, సరైన శిక్షణ ఉంటే. రెండోదానికి జవాబు చాలావరకు సిలిండర్‌లో మిగిలిన గాలి లెక్కలో ఉంది. అందుకే ముందు చలి, తర్వాత గాలి, ఆ తర్వాతే ఆక్టోపస్.

సియాటిల్‌ని ఆనుకున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్. దాని నీళ్లు ఏడాది పొడవునా ఇంచుమించు 7 నుంచి 13 డిగ్రీల మధ్యే ఉంటాయి. 28 డిగ్రీల నీళ్లలో నేర్చుకున్నవాళ్లు ఇక్కడ 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్‌తో (ఒంటికి నీళ్లు తగిలే రబ్బరు సూట్) ఒక డైవ్ ఓర్చుకోగలరు, రెండోదానికి వేళ్లు మాట వినవు. వేళ్లు మొద్దుబారితే ఇన్‌ఫ్లేటర్ (గాలి ఎక్కించే) బటన్, బకిల్, మాస్క్ పట్టీ ఏదీ సరిగ్గా చేతికందదు. కలుగు దగ్గర కదలకుండా ఉండాల్సిన డైవ్ ఇది, ఈత కొట్టి ఒళ్లు వేడి చేసుకునే వీలుండదు. కాబట్టి డ్రైసూట్ (నీళ్లు లోపలికి చొరని సూట్), లోపల మందపాటి అండర్‌సూట్, హుడ్, డ్రైగ్లవ్స్ లేదా 5 మిల్లీమీటర్ల నియోప్రీన్ గ్లవ్స్ తప్పనిసరి అనే చెబుతాను. డ్రైసూట్ కోర్సు విడిగా చేయండి. సూట్‌లోకి గాలి ఎంత ఎక్కించాలి, పైకి వస్తుంటే ఎడమ భుజం వాల్వ్ నుంచి ఎలా వదలాలి, గాలి కాళ్లలోకి పోయి తలకిందులైతే ఎలా ముడుచుకుని దొర్లి నిలబడాలి, ఇవి అలవాటయ్యేదాకా ఆక్టోపస్ జోలికి వెళ్లొద్దు. మెడ దగ్గర సీల్ కింద ఒక్క వెంట్రుక పాయ ఇరుక్కున్నా నీళ్లు కారుతాయి. జుట్టు పొడుగ్గా ఉన్నవాళ్లు హుడ్ వేసుకునే ముందు వేలు పెట్టి సీల్ చుట్టూ ఒకసారి తిప్పి చూసుకోవాలి.

బరువుల దగ్గర కొత్తవాళ్లు చాలామంది తడబడతారు. 75 కిలోల మనిషికి డ్రైసూట్, అల్యూమినియం సిలిండర్‌తో 14 నుంచి 16 కిలోల సీసం పట్టొచ్చు. స్టీల్ సిలిండర్ అయితే రెండు మూడు కిలోలు తగ్గుతుంది, ఎందుకంటే అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తేలిక కట్టి పైకి లేస్తుంది, స్టీల్ అలా లేవదు. సరిచూసుకునే పద్ధతి ఇది: డైవ్ చివర్లో, సిలిండర్‌లో 35 నుంచి 50 బార్ (గాలి పీడనం కొలత) ఉన్నప్పుడు, 5 మీటర్ల లోతులో బీసీడీ (తేలడాన్ని అదుపుచేసే గాలి జాకెట్) ఖాళీ చేసి, సూట్‌లో గాలి కూడా వదిలేసి, కదలకుండా నిలబడగలగాలి. కిందికి జారుతుంటే బరువు ఎక్కువైనట్టు. ఎక్కువ సీసం కట్టుకున్నవాళ్లు అడుగున మోకాళ్ల మీద పడి ఒండ్రు లేపుతారు. ఆ ఒండ్రులో ఆక్టోపస్ మాట అటుంచి పక్కనున్న జతగాడు కూడా కనపడడు.

ఇక గాలి. 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌ని 200 బార్‌కి నింపితే లోపల సుమారు 2,220 లీటర్ల గాలి ఉంటుంది. 50 బార్ అత్యవసరానికి పక్కన పెడితే వాడుకోవడానికి మిగిలేది 1,665 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 18 మీటర్ల లోతులో, అంటే 2.8 బార్ పీడనంలో, నిమిషానికి 56 లీటర్లు పీలుస్తాడు. ఆ లెక్కన 30 నిమిషాలకి కొంచెం తక్కువ. చలికీ కంగారుకీ అది 25 లీటర్లకి పెరిగితే 24 నిమిషాలే. ఇప్పుడు అసలు విషయం: ఆక్టోపస్ చేయి పట్టుకోగానే ఊపిరి 40 లీటర్లకి ఎగబాకిందనుకోండి, అది పెద్ద వింతేమీ కాదు. 18 మీటర్లలో నిమిషానికి 112 లీటర్లు పోతాయి. పక్కన పెట్టిన 50 బార్, అంటే 555 లీటర్లు, ఐదు నిమిషాల్లో అయిపోతాయి. అందులోనే పైకి రావాలి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. అందుకే 120 బార్ కన్నా తక్కువ ఉంటే మేం కలుగు దగ్గర ఆగం, 80 బార్ కనపడగానే ఎంత మంచి దృశ్యం ఉన్నా వెనక్కి తిరుగుతాం. గేజ్ పీఎస్‌ఐలో (అమెరికాలో వాడే పీడనం కొలత) ఉంటే ఇవి సుమారు 1,750, 1,150. జతలో ఎవరి గాలి తక్కువుంటే ఆ అంకె ఇద్దరికీ వర్తిస్తుంది.

చోటు విషయానికొస్తే, కొత్తవాళ్లకి వెస్ట్ సియాటిల్ సీక్రెస్ట్ పార్క్‌లోని కోవ్ 2 మంచిది. ప్రవాహం తక్కువ. అడుగున పాత కొయ్య స్తంభాలు, ఉక్కు దూలాలు, మునిగిన పడవ ఉన్నాయి, వాటి కిందా సందుల్లోనూ ఆక్టోపస్‌లు కాపురం పెడతాయి. పక్కనే వాటర్ టాక్సీ ఆగే రేవు, దాని మీద గాలాలు వేసేవాళ్లు. అటువైపు తేలకూడదు, గాలపు తీగ కోయడానికి లైన్ కట్టర్ చేతికందే చోట ఉండాలి. చలికాలం రాత్రుళ్లు ఎలియట్ బే రేవుల మీద దీపాలు పెట్టి చిన్న స్క్విడ్‌లను పడతారు, ఆ గాలాలకి చుట్టూ ముళ్లుంటాయి, డ్రైసూట్‌కి ఒక్కటి తగిలితే ఆ రోజు డైవ్ అయిపోయినట్టే. రెడోండో, త్రీ ట్రీ పాయింట్ కూడా ఒడ్డు నుంచి దిగే చోట్లే. టకోమా నారోస్, డిసెప్షన్ పాస్ అనే ఇరుకు జలమార్గాలు వేరే లెక్క. డిసెప్షన్ పాస్‌లో ప్రవాహం 8 నాట్ల (గంటకు సుమారు 15 కిలోమీటర్ల) దాకా వెళ్తుంది, ఏ మనిషీ దానికి ఎదురీదలేడు. అక్కడ ఆటుకీ పోటుకీ నడుమ నీళ్లు నిలిచే కొద్ది నిమిషాల్లోనే డైవ్ చేస్తారు, అదీ ఆ చోటు తెలిసినవాళ్ల వెంట మాత్రమే. పట్టిక చూసేటప్పుడు ఒక తిరకాసు: ఒడ్డున నీటి మట్టం నిలిచే వేళా, ప్రవాహం నిలిచే వేళా చాలాచోట్ల ఒకటి కావు. ఆటుపోట్ల పట్టిక కాకుండా ప్రవాహాల పట్టికే చూడాలి.

చలికాలంలో నీళ్లు తేటగా ఉంటాయి. వేసవిలో ఎండకి సూక్ష్మజీవులు పెరిగి నీళ్లు ఆకుపచ్చగా మారి, ఒక్కోసారి మూడు మీటర్ల అవతల ఏమీ కనపడదు. డిసెంబర్ చలిలో పార్కింగ్‌లో వణుకుతూ సామాను బిగించుకోవడం కష్టమే, అయినా ఆక్టోపస్ కోసమైతే నేను చలికాలాన్నే ఎంచుకుంటాను.

అడుగున వెతకాల్సింది ఆక్టోపస్‌ని కాదు, దాని ఎంగిలిని. ఇవి పీతలు, ఆల్చిప్పలు, స్కాలప్‌లు పట్టి కలుగులోకి తెచ్చుకుని తిని, పెంకుల్ని వాకిట్లోకి తోసేస్తాయి. ఇసుక మీద ఒకచోట పీత డిప్పలు, విడివిడిగా కాళ్లు, తెరిచిన చిప్పలు కుప్పగా ఉంటే అక్కడ ఆగండి. డిప్పల లోపలి వైపు శుభ్రంగా మెరుస్తుంటే కాపురం ఉన్నట్టు, పాచి పట్టి ఉంటే ఖాళీ చేసి చాలాకాలమైనట్టు. చిప్ప మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నని రంధ్రం కనిపిస్తే అనుమానం చాలావరకు తీరిపోతుంది. ఆక్టోపస్ గరుకు నాలుకతో చిప్పను తొలిచి, లోపలికి విషపు లాలాజలం వదిలి, కండరం సడలాక తెరుస్తుంది. పెంకులన్నీ నుజ్జునుజ్జుగా ఉంటే అది బహుశా వుల్ఫ్ ఈల్ అనే పొడుగాటి చేప తిన్న చోటు, దాని దవడలు పీతల్నీ సముద్రపు ముళ్లకాయల్నీ నమిలి పారేస్తాయి.

కుప్ప దొరికాక పైన ఉన్న సందులోకి లైటు వేయాలి, అయితే నేరుగా కంట్లోకి కాదు. సన్నని కిరణం ఉన్న బలమైన లైటు నడిమి వెలుగు పడగానే ఆక్టోపస్ లోపలికి ముడుచుకుపోతుంది. వెలుగు అంచుని మాత్రమే రాతి మీద పడేలా పట్టుకోండి. మొదట కనిపించేది తరచూ చూషకాల (చేతుల మీద పట్టుకునే గుండ్రటి గిన్నెల) వరసే, ఒక్కో చేతికి రెండు వరసలు, తెల్లగా. తల కనిపించాలని పట్టుబట్టొద్దు. ఎముక లేని ఒంట్లో గట్టిది నోట్లో ఉండే చిలక ముక్కులాంటి ముక్కు ఒక్కటే కాబట్టి, ముక్కు పట్టే సందులోకి మొత్తం జంతువు దూరిపోగలదు. ఇంత చిన్న కలుగులో ఏముంటుందిలే అని చేయి పెట్టడం ఇక్కడ పనికిరాని పని.

కలుగుకి ఎదురుగా కాకుండా పక్కగా, ఒక మీటరు దూరంలో, అడుక్కి తగలకుండా తేలుతూ ఆగుతాం. జతగాడు నాకు వెనకా పక్కగా ఉంటాడు, నా గేజ్ చదవగలిగేంత దగ్గరలో. ఎదురుగా ఆగితే దాని దారి మూసినట్టవుతుంది. ఫిన్ (కాలికి తొడిగే రెక్క) కొడితే ఒండ్రు నేరుగా దాని మొప్పల్లోకి పోతుంది. చర్మం ఇటుక ఎరుపులో, నున్నగా, ఊపిరి నిదానంగా ఉంటే బాగానే ఉన్నట్టు. ఒక్కసారిగా పాలిపోయినా, కళ్ల పైన చర్మం కొమ్ముల్లా లేచినా, తన ఒంటి గొట్టంలోంచి మన మీదికి నీళ్లు చిమ్మినా అది పొమ్మని చెప్పడమే. వెనక్కి జరగాలి. ఫోటోలు తీసేవాళ్లు ఫ్లాష్‌లు వరసగా వేయకుండా, నాలుగైదు తీసుకుని ఆపేస్తే మంచిది. ఐదు నిమిషాల కన్నా ఒక కలుగు దగ్గర మేం ఉండం. వారాంతాల్లో అదే కలుగుకి జట్టు తర్వాత జట్టు వస్తూనే ఉంటుంది, దానికీ తిండికి వెళ్లాల్సిన పనుంది.

కొన్ని వాటంతటవే చేయి చాపుతాయి. చూషకాలతో పట్టుకోవడమే కాదు, రుచి కూడా చూస్తాయి. గ్లవ్, లైటు, గొట్టం, మాస్క్ అంచు, ఏది కొత్తగా ఉంటే దాన్ని తడుముతాయి. చేయి చాపించుకోవడానికి పీత ముక్కలు ఎర చూపడం, సందులోంచి లాగడం తప్పు, అది వేధింపే. అదే వచ్చి గ్లవ్‌ని తడిమితే కదలకుండా ఉంటే చాలు, చాలాసార్లు తడిమి వదిలేస్తుంది.

వదలకపోతే? వెనక్కి గుంజొద్దు. గుంజేకొద్దీ రెండో చేయి, మూడో చేయి వేస్తుంది, కలుగులో రాతిని పట్టుకున్న మిగతా చేతుల బలమంతా మన మీద పనిచేస్తుంది. ఆగి, రెండు పొడుగాటి ఊపిర్లు వదిలి, గేజ్ చూసి, జతగాడికి సైగ చేయాలి. జతగాడు దాని చేతి కొస వెతికి, అక్కడి నుంచి మొదలుపెట్టి చూషకాల్ని ఒక్కొక్కటిగా వేళ్లతో పక్కకి దొర్లించినట్టు విడదీస్తూ రావాలి. కొస దగ్గర చూషకాలు చిన్నవి, పట్టు తక్కువ. మొదట్లో అవి ఆరు సెంటీమీటర్ల వెడల్పు దాకా ఉంటాయి, అక్కడి నుంచి మొదలుపెడితే లాభం లేదు. గ్లవ్‌నో లైటునో పట్టుకుంటే దాన్ని వదిలేయడమే తేలిక. అందుకే కెమెరాని మణికట్టుకి తాడుతో కట్టుకోం, ఒక్క వేలితో విడిపోయే క్లిప్‌తో బీసీడీ రింగుకి తగిలిస్తాం. కత్తి తీయాల్సిన పని ఎప్పుడూ లేదు. మసక నీళ్లలో, మొద్దుబారిన వేళ్లతో తీసిన కత్తి ముందుగా కోసేది డ్రైసూట్‌నే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పని, విడిపించుకోవడానికి బీసీడీలోకి గాలి కొట్టడం. గాలి నిండి పైకి లాగుతున్నంతసేపూ ఆక్టోపస్ పట్టుకునే ఉంటుంది, ఏ క్షణాన వదిలేస్తుందో తెలియదు. వదిలిందా, నిండిన బీసీడీ, ఉబ్బిన సూట్ కలిసి మనిషిని నేరుగా పైకి విసిరేస్తాయి. 18 మీటర్లలో ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి పైకి వచ్చేసరికి 2.8 రెట్లు అవుతుంది. ఊపిరి బిగబట్టినవాడికి ఊపిరితిత్తులు చిట్లుతాయి. నిమిషానికి 9 మీటర్ల వేగం దాటకుండా పైకి రావాలన్న నియమం ఆ క్షణంలో గుర్తుండదు, కాబట్టి ఆ బటన్ జోలికే వెళ్లొద్దు.

రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చేది) లాగేస్తే? ప్రత్యామ్నాయ రెగ్యులేటర్ గడ్డం కింద సాగే తాడుతో మెడకి వేలాడుతూ ఉండాలి, బీసీడీ జేబులో కుక్కి కాదు. తల వంచి నోటితోనే అందుకోవచ్చు. మాస్క్ పోతే 8 డిగ్రీల నీళ్లు మొహానికి తగలగానే మనకి తెలియకుండానే గుక్క ఎగబీలుస్తాం, ఆ గుక్క ముక్కులోంచి లోపలికి పోతే పొలమారుతుంది. దీనికి మందు ఒక్కటే, మూడు నాలుగు మీటర్ల నీళ్లలో మాస్క్ తీసి ఒక నిమిషం ఊపిరి పీలుస్తూ ఉండటం ముందే సాధన చేయడం. నేను తొడ జేబులో రెండో మాస్క్ పెట్టుకునే దిగుతాను. కొరకడం అరుదు, కొరికితే ముక్కుతో లోతైన గాటు పడుతుంది, లాలాజలం వల్ల వాపు, నొప్పి ఉంటాయి. ఒడ్డుకొచ్చి కడిగి డాక్టర్‌కి చూపించాలి.

ఆడ ఆక్టోపస్ గుడ్ల మీద ఉన్న కలుగు వేరుగా కనిపిస్తుంది. వాకిలికి రాళ్లు అడ్డం పేర్చి ఉంటాయి, కొత్త పెంకులు ఉండవు, ఎందుకంటే అది తిండి మానేస్తుంది. రాళ్ల సందులోంచి చూస్తే పైకప్పుకి వేలాడే తెల్లటి గుడ్ల దండలు కనపడొచ్చు, ఒక్కో గుడ్డు వరిగింజంత, మొత్తం వేలల్లో. ఆరేడు నెలల పాటు వాటి మీదికి నీళ్లు చిమ్ముతూ, శుభ్రం చేస్తూ, గుడ్లలోంచి పిల్లలు వచ్చేసరికి అది చచ్చిపోతుంది. దాని ఆయుష్షే మొత్తం మూడు నుంచి ఐదేళ్లు. అక్కడ రాయి కదిపితే గుడ్లు తినే చేపలకి, సముద్ర నక్షత్రాలకి దారి ఇచ్చినట్టే. ఒక్క చూపు చూసి వెళ్లిపోతాం, ఫ్లాష్ వేయం.

ఈ ప్రాంతంలో ఆక్టోపస్ పట్ల తీరు ఎప్పుడూ ఇలా లేదు. 1963లో టకోమాలో ఆక్టోపస్‌తో కుస్తీ పోటీ పెట్టారు. డైవర్లు కలుగుల్లోంచి వాటిని పెరికి ఒడ్డుకి తెస్తుంటే చూడటానికి వేలమంది వచ్చారు. 2012లో కోవ్ 2లోనే ఒక ఆక్టోపస్‌ని లైసెన్సు ప్రకారం చంపి పట్టుకెళ్లినప్పుడు మిగతా డైవర్లు భగ్గుమన్నారు. దాంతో వాషింగ్టన్ రాష్ట్ర చేపల, వన్యప్రాణుల కమిషన్ 2013లో సీక్రెస్ట్, రెడోండో, త్రీ ట్రీ పాయింట్, డిసెప్షన్ పాస్ సహా ఏడు చోట్ల సరదాకి వాటిని పట్టడం నిషేధించింది. ఆ పని సబబే అని నా గట్టి అభిప్రాయం. ఒకే కలుగుని వందలమంది ఏళ్ల తరబడి చూసుకునే చోట ఒక్కరు వచ్చి ఒక్క పూటలో ఖాళీ చేయడం కుదరకూడదు.

రాత్రి డైవ్‌లో కలుగు ఖాళీగా ఉండొచ్చు, అది వేటకి వెళ్లి ఉంటుంది. ఇసుక మీద చేతుల మధ్య చర్మాన్ని గొడుగులా విప్పి, కిందున్న పీతల్ని కప్పేసి తడుముకుంటుంది. దాన్ని వెంటాడొద్దు, పారిపోయేటప్పుడు చిమ్మే నీటికి అది త్వరగా అలిసిపోతుంది. రాత్రి హార్బర్ సీల్‌లు మన లైటు వెలుగులో చేపలు పట్టుకోవడానికి వెనకే వస్తాయి, చటుక్కున మొహం ముందు ప్రత్యక్షమైతే గుండె జారుతుంది గానీ హాని చేయవు. లింగ్‌కాడ్ అనే పెద్ద చేప అలా కాదు. చలికాలం చివర మగ చేప తెల్లటి గుడ్ల ముద్దకి కాపలా కాస్తూ, దగ్గరికొచ్చిన డైవర్ని వచ్చి గుద్దుతుంది, దాని పళ్లు వాడి. గుడ్ల ముద్ద కనపడితే చుట్టు తిరిగి పోవడమే. వుల్ఫ్ ఈల్ మొహం భయంకరంగా ఉన్నా నెమ్మదైంది. లోతు నీళ్ల సిక్స్‌గిల్ షార్క్ రాత్రిళ్లు పైకి రావడం ఉంది, వస్తే చూసి సంతోషించాల్సిందే, తాకకూడదు.

పెద్ద స్క్విడ్‌ల సంగతికి ఇందులో ఏదీ వర్తించదు. తూర్పు పసిఫిక్‌లో ఉండే హంబోల్ట్ స్క్విడ్ 50 కిలోల దాకా పెరగగలదు, చూషకాల చుట్టూ పళ్లలాంటి రింగులుంటాయి, గుంపులుగా వేటాడుతుంది, రాత్రి వందల మీటర్ల లోతు నుంచి పైకి వస్తుంది. ఆక్టోపస్ మన వెంట పడదు కాబట్టి దూరం జరిగితే చాలు. హంబోల్ట్ స్క్విడ్ నడిసముద్రంలో, అడుగు అందని చోట, లైటుకి ఆకర్షితమై మనిషి దగ్గరికే వస్తుంది, పట్టి కిందికి లాగొచ్చు. అందుకే వాటి మధ్య దిగేవాళ్లు కొందరు పడవకి తాడు కట్టుకుని, ఒళ్లంతా గట్టి కవచంతో దిగుతారు. సాధారణ సర్టిఫికెట్‌తో చేసే డైవ్ కాదది.

ఇక్కడ అలవాటైన చేతులతో అండమాన్ వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. వెచ్చని ఇండో-పసిఫిక్ నీళ్లలో అరచేతిలో పట్టేంత చిన్న బ్లూ-రింగ్డ్ ఆక్టోపస్ ఉంటుంది. దాని విషం టెట్రోడోటాక్సిన్, విరుగుడు లేదు, కొరికిన నొప్పి కూడా సరిగ్గా తెలియదు, నిమిషాల్లో ఊపిరి కండరాలు పనిచేయడం మానేస్తాయి. గాయం మీద ఒత్తి కట్టుకట్టి, ఆసుపత్రి చేరేదాకా కృత్రిమ శ్వాస ఆపకుండా ఇవ్వడమే ప్రాణం నిలిపేది. ఖాళీ చిప్పల్ని చేత్తో ఏరే అలవాటు మానుకోవాలి.

పైకి వచ్చాక మర్చిపోయే విషయం ఒకటుంది. డైవ్ తర్వాత అదే రోజు స్నోక్వాల్మీ పాస్ మీదుగా తూర్పు వాషింగ్టన్‌కి కారులో బయల్దేరితే 900 మీటర్ల పైచిలుకు ఎత్తు ఎక్కుతారు, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే ముప్పుకి అది చిన్న విమాన ప్రయాణంతో సమానం. రెండు డైవ్‌లు చేసిన రోజు విమానానికి 18 గంటలు ఆగినట్టే దానికీ వ్యవధి ఇవ్వండి. సూట్ మంచినీళ్లతో కడిగి, లాగ్‌బుక్‌లో లోతు, నీటి వేడి, వెలుతురు, పెంకుల కుప్ప తాజాదా పాతదా, దిగినప్పటి, వచ్చినప్పటి పీడనం రాసుకుంటాం. గుడ్లున్న కలుగు ఎక్కడుందో మాత్రం సోషల్ మీడియాలో పెట్టం.